చౌరస్తా అదే, చుట్టూ ఊరే మారింది: జనం పెరిగితే జంక్షన్లు ఎందుకు ప్రమాదకరం అవుతాయి?

బాచుపల్లి_బాటసారి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఈసారి ఉండబట్టలేక రాస్తున్నాను.

నేను 2012లో బాచుపల్లి వైపు ఫ్లాట్ కొనుక్కుని వచ్చాను. అప్పటికి అది పంచాయతీ. మా వీధి చివర చౌరస్తాలో ఒక రావిచెట్టు, దాని కింద పంక్చర్ షాపు, ఎదురుగా టీకొట్టు ఉండేవి. రాత్రి తొమ్మిది దాటితే కుక్కలు నడిరోడ్డు మీద పడుకునేవి, బండివాడే పక్కనుంచి తప్పుకుని పోయేవాడు. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీలు కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. అపార్ట్‌మెంట్లు లేచాయి, స్కూళ్లు వచ్చాయి, ఆస్పత్రులు వచ్చాయి. రావిచెట్టు పోయింది. టీకొట్టు కాస్తా టిఫిన్ సెంటర్ అయింది. చౌరస్తా మాత్రం అదే కొలత. నాలుగు రోడ్లలో ఒకదాన్ని వెడల్పు చేశారు, మిగతా మూడూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

పోయిన నెల మా ఇంట్లో వంట చేసే ఆమె పొద్దున ఆరున్నరకి ఆ చౌరస్తా దాటుతుంటే బైకు గుద్దింది. ఆమె చూడాల్సిన వైపే చూసింది. బైకు వచ్చింది రెండో వైపు నుంచి, రాంగ్ రూట్‌లో. కాలు విరిగి ఇంకా మంచంలోనే ఉంది. ఆ రోజు నుంచి రోజూ అక్కడ రెండు నిమిషాలు ఆగి చూస్తున్నాను.

నా ప్రశ్న ఇది. జనం పెరిగారు కాబట్టి ప్రమాదాలు పెరిగాయి, అంతేనా? లేక లోపల ఇంకేదైనా లెక్క ఉందా?

వితండం_వీరయ్య | సోమవారం, రాత్రి 9:58

లెక్కా లేదు, బొక్కా లేదు. మనవాళ్లకి సివిక్ సెన్స్ లేదు. థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు.

పాలపిట్ట | సోమవారం, రాత్రి 10:15

వీరయ్య గారూ, ఇదే జనం ఎయిర్‌పోర్టు రోడ్డెక్కగానే లైన్లో ఎలా పోతున్నారండీ? దారిలోనే సివిక్ సెన్స్ కొనుక్కుంటున్నారా?

బాటసారి గారూ, ఆమె త్వరగా లేచి తిరగాలి. ఆస్పత్రి ఖర్చు సంగతి ఏం చేశారు? రోడ్డు ప్రమాద బాధితులకి లక్షన్నర దాకా, ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్రం పథకం 2025లో వచ్చింది. చాలామందికి తెలియదు.

బాచుపల్లి_బాటసారి | సోమవారం, రాత్రి 10:22

నాకూ తెలియదమ్మా. చేతిలో డబ్బు పెట్టుకునే తీసుకెళ్లాం. తర్వాతే తెలిసింది.

రిటైర్డ్_ఈఈ | మంగళవారం, ఉదయం 6:05

రోడ్ల శాఖలో 31 ఏళ్లు చేసి దిగినవాణ్ణి. బాటసారి గారి ప్రశ్న మంచిది, కాస్త పెద్దగా రాస్తాను.

నాలుగు రోడ్లు కలిసే చోట, ఒక్కో రోడ్డు నుంచి బండి ఎడమకి, నేరుగా, కుడికి పోవచ్చు అనుకోండి. ఆ దారులన్నీ కాగితం మీద గీస్తే ఒకదాన్నొకటి 32 చోట్ల తాకుతాయి. 16 చోట్ల అడ్డంగా కోసుకుంటాయి, 8 చోట్ల కలుస్తాయి, 8 చోట్ల విడిపోతాయి. మూడు రోడ్ల జంక్షన్‌లో ఇవి 9 మాత్రమే. మనుషులు దాటే చోట్లు దీనికి అదనం.

రావిచెట్టు రోజుల్లో కూడా మీ చౌరస్తాలో ఈ 32 చోట్లున్నాయి. కాకపోతే ఒకే క్షణంలో ఇద్దరు ఒకే చోటికి వచ్చే అవకాశం తక్కువ. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఒక రోడ్డు మీద బండ్లు రెట్టింపై, అడ్డరోడ్డు మీదా రెట్టింపైతే, ఎదురుపడే సందర్భాలు రెండింతలు కావు, నాలుగింతలవుతాయి. ఒక్కొక్కరికీ ‘ట్రాఫిక్ కాస్త పెరిగింది’ అనిపిస్తుంది. జంక్షన్ దగ్గర అది హెచ్చవేతలాగా పనిచేస్తుంది. ఎదురుపడిన ప్రతిసారీ గుద్దుకోరు, నిజమే. కానీ తప్పించుకోవాల్సిన సందర్భాలైతే అన్నిసార్లు వస్తాయి.

పాలపిట్ట | మంగళవారం, ఉదయం 8:50

ఇప్పుడే పాపని స్కూల్లో దింపి వచ్చాను. మేముండేది నల్లగండ్ల వైపు. ఇంజినీర్ గారు మూడు రోడ్ల జంక్షన్ అన్నాక దారిలో ఒక పని చేశాను. ఇంటి నుంచి స్కూలుకి నడిచి పన్నెండు నిమిషాలు. ఆ దారిలో మ్యాప్‌లో కనిపించే జంక్షన్ ఒక్కటే. కానీ గేటెడ్ కమ్యూనిటీ గేట్లు, మార్ట్ పార్కింగ్ గేటు, ఆస్పత్రి అంబులెన్స్ గేటు, ఇంకో స్కూలు గేటు కలిపి ఏడు. ప్రతి గేటు నుంచీ కార్లు బయటికి వచ్చి రోడ్డు మీద కలుస్తాయి, కొన్ని కుడికి తిరుగుతాయి. అంటే అవి కూడా మూడు రోడ్ల జంక్షన్లే కదా? ఏడు తొమ్మిదులు అరవై మూడు.

ఒక గేటు దగ్గర సెక్యూరిటీ అతను విజిల్ ఊది మెయిన్ రోడ్డు మీద బండ్లనే ఆపుతాడు, లోపలి కార్లు పోవడానికి. ఫుట్‌పాత్ మీద మేము ఆగాలి. ఫుట్‌పాత్ అని అలవాటుగా అన్నాను, గేటు ముందు దాన్ని ర్యాంపు చేసేశారు.

రిటైర్డ్_ఈఈ | మంగళవారం, ఉదయం 9:30

అమ్మా, మీరు చెప్పింది నేను చెప్పాల్సిన దానికన్నా ముఖ్యం. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్ల దాకానే కట్టాలన్న హద్దు, లేదు. స్థలం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ చూసి ఎత్తు నిర్ణయమవుతుంది. అందువల్ల పాతకాలంలో పదిహేను వీధుల్లో సర్దుకునే జనం ఇప్పుడు ఒకే ఆవరణలో ఉంటారు. ఆ పదిహేను వీధుల బండ్లూ ఒకే గేటు నుంచి, తొమ్మిది గంటలకి, ఒకేసారి రోడ్డెక్కుతాయి. ఆ గేటుని ఎవరూ జంక్షన్ అనరు. దానికి సిగ్నల్ ఉండదు, స్టాప్ లైన్ ఉండదు, ముందుగా హెచ్చరించే బోర్డు ఉండదు. దేశం మొత్తం లెక్కల్లో జంక్షన్ రకాల వారీగా చూస్తే మూడు రోడ్లు కలిసే టీ జంక్షన్ల దగ్గరే ఎక్కువ ప్రమాదాలు కనిపిస్తాయి. నాకందులో ఆశ్చర్యం లేదు.

వితండం_వీరయ్య | మంగళవారం, మధ్యాహ్నం 1:10

సరే, నేను వెనక్కి తగ్గను. ఒక మాట అడుగుతా. జనం పెరిగితే జామ్ అవుతుంది. జామ్ అయితే బండ్లు నడక వేగంతో పోతాయి. నడక వేగంతో గుద్దితే బంపర్ గీసుకుపోతుంది, మనిషి పోడు. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి ఎవరైనా స్పీడుగా గుద్దగలడా? ఈ లెక్కన జనం పెరగడం మంచిదే కదా!

రిటైర్డ్_ఈఈ | మంగళవారం, సాయంత్రం 5:45

వితండమే గానీ సగం నిజం. 1949లో స్మీడ్ అనే ఇంగ్లండ్ ఆయన దేశాల లెక్కలు తీసి ఇలాంటి మాటే చెప్పాడు. బండ్లు పెరిగే కొద్దీ బండికి ఇన్ని చావులు అనే లెక్క తగ్గుతూ వస్తుందని. 2003లో జాకబ్‌సన్ అనే ఆయన నడిచేవాళ్ల మీద, సైకిళ్ల మీద చూశాడు. నడిచేవాళ్లు రెట్టింపైతే దెబ్బలు తగిలేవాళ్లు రెట్టింపు కారు, మూడో వంతు దాకా పెరుగుతారు. ఎక్కువమంది దాటుతుంటే డ్రైవరే జాగ్రత్త పడతాడన్నది ఆయన అభిప్రాయం. సుల్తాన్‌బజార్లో మనం కళ్లతో చూసేదే.

అయితే అవి అమెరికా, యూరప్ ఊళ్ల లెక్కలు. పైగా పాత సుల్తాన్‌బజార్ సందులో బండి పోవాలన్నా పోలేదు. బాటసారి గారి చౌరస్తా అలాంటిది కాదు. అక్కడ రోడ్డు హైవే అలవాటుతో ఉంది, జనం బజారు అలవాటుతో ఉన్నారు. ఊరు పట్నం అయ్యే ఆ మధ్య కాలమే నా అనుభవంలో అన్నిటికన్నా చెడ్డది. వేగం ఇంకా తగ్గలేదు, జనం అప్పుడే వచ్చేశారు. తర్వాత జామ్ వచ్చి పగటిపూట వేగాన్ని చంపుతుంది. అదేం భద్రత అనకండి, నాకూ నచ్చదు.

హోంగార్డ్_కొడుకు | మంగళవారం, రాత్రి 11:20

జామ్ వేగాన్ని చంపుతుంది, కరెక్టే సార్. పదకొండు తర్వాత వచ్చి చూడండి.

మా నాన్న పద్నాలుగేళ్లు జంక్షన్ల మీదే నిలబడ్డాడు. నాన్న మాటల్లో చెప్పాలంటే, పగలు లొల్లి ఎక్కువ, రాత్రి రక్తం ఎక్కువ. పగలంతా అద్దం పగిలిందని, గీత పడిందని పంచాయితీలు. రాత్రి సిగ్నల్‌ని పసుపు బ్లింకింగ్‌లో పెట్టేస్తారు. అంటే నెమ్మదిగా చూసుకుని పొమ్మని. నాలుగు వైపులా వచ్చేవాళ్లు అవతలివాడే చూసుకుంటాడులే అనుకుంటారు. పగటి రద్దీ కోసం వెడల్పు చేసిన రోడ్డు రాత్రి ఖాళీగా పడుంటుంది. సాఫ్ట్‌వేర్ షిఫ్ట్ క్యాబులు, బిర్యానీ పార్సిళ్లు, తాగి వచ్చేవాళ్లు, కంకర లారీలు... పగలు వీటిలో సగం ఉండవు. కొత్తగా కడుతున్న ఏరియాల్లో కంకర, ఇసుక లారీలు వదిలేది రాత్రే కదా.

నాన్నకి ఇప్పుడు చెవి సరిగ్గా వినపడదు. హారన్లే కారణమని ఎవరూ రాసివ్వలేదనుకోండి.

స్పీడుకి_సారీ | బుధవారం, మధ్యాహ్నం 12:35

డెలివరీ చేస్తాను. నన్ను తిట్టే ముందు ఒక్కసారి వినండి అన్నలూ.

మా జోన్‌లో ఒక చౌరస్తా ఉండేది. జామ్ అవుతోందని మధ్యలో బారికేడ్లు పెట్టి మూసేశారు. కుడికి పోవాలంటే ఎడమకి తిరిగి, ముందు యూటర్న్ దాకా పోయి, వెనక్కి రావాలి. రానూ పోనూ కిలోమీటరున్నర. ఎదురుగా కనపడే అపార్ట్‌మెంటుకి! పైన ఆర్డరిచ్చిన మేడమ్ బాల్కనీలోంచి చెయ్యి ఊపుతుంటారు. పెట్రోలు నాది, టైమర్ కంపెనీది. ఏం చేస్తాం, రాంగ్ రూట్‌లో ఒక యాభై మీటర్లు పోతాం. నేనే కాదు, పాలవాడు, స్కూటీ మీద ఆంటీ, అందరూ.

ఒకసారి అలాగే పోతుంటే ఒక ముసలాయన నా ముందుకు వచ్చేశాడు. ఆయన రెండో వైపే చూస్తున్నాడు. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. చేతులు వణికి ఆ ఆర్డర్ లేటయింది, రేటింగ్ పోయింది. ఆ తర్వాత యూటర్న్ దాకానే పోతున్నా. రోజుకి రెండు ఆర్డర్లు తగ్గాయి.

వితండం_వీరయ్య | బుధవారం, మధ్యాహ్నం 12:50

చూశారా, ఒప్పుకున్నాడు! బాటసారి గారింటి ఆమెని గుద్దింది ఇలాంటి

మోడరేటర్ | బుధవారం, మధ్యాహ్నం 1:05

పై పోస్టు మిగతా భాగం తీసేశాను. వీరయ్య గారూ, వాదన చేయండి, మనిషి మీదకి పోకండి. ఇది రెండోసారి.

బాచుపల్లి_బాటసారి | బుధవారం, రాత్రి 8:15

తమ్ముడూ, నిజం రాసినందుకు థ్యాంక్స్. కోపం రాలేదని చెప్పను. కానీ మా చౌరస్తాలోనూ ఇదే జరుగుతోందని నువ్వు రాశాకే గమనించాను. వెడల్పు చేసిన రోడ్డుకి డివైడర్ కట్టారు. సందు కొసన ఉన్న దారి మూసుకుపోయింది. ఆ సందులోవాళ్లంతా రాంగ్ రూట్‌లోనే చౌరస్తా దాకా వస్తున్నారు. ఆమె దాటింది సరిగ్గా అక్కడే.

ఇంజినీర్ గారూ, సిగ్నల్ పెడితే సరిపోతుందా? కాలనీ వాళ్లంతా సిగ్నల్ కావాలనే దరఖాస్తు పెడదామంటున్నారు.

రిటైర్డ్_ఈఈ | గురువారం, ఉదయం 6:20

సిగ్నల్ మందు లాంటిది, మోతాదు ఉంటుంది. ఓపికగా చదవండి.

1958లో వెబ్‌స్టర్ అనే ఇంజినీరు ఒక సూత్రం ఇచ్చాడు. సిగ్నల్ ఒక చుట్టు ఎన్ని సెకన్లు ఉండాలో చెప్పేది. నాలుగు వైపులా ఒక్కో వైపుకి విడిగా గ్రీన్ ఇస్తే, మారినప్పుడల్లా దాదాపు నాలుగు సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. మొత్తం 16. దాన్ని ఒకటిన్నరతో గుణించి 5 కలిపితే 29. ఇప్పుడు జంక్షన్ మోయగలిగిన దానిలో ఎంత వంతు బండ్లు వస్తున్నాయో చూసి, మిగిలిన ఖాళీతో ఈ 29ని భాగించాలి.

బండ్లు 0.60 వంతు ఉన్నాయనుకోండి. ఖాళీ 0.40. చుట్టు 72 సెకన్లు. చక్కగా ఉంది. నాలుగు టవర్లు లేచాయి, 0.85 వంతు అయింది. ఖాళీ 0.15. చుట్టు 193 సెకన్లు! బండ్లు పెరిగింది నలభై శాతం చిల్లర. ఎదురుచూపు రెండున్నర రెట్లు దాటింది. ఇంకొక్క టవరు లేస్తే సూత్రమే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు మూడు నిమిషాల చుట్టులో దాటడానికి నిలబడ్డ మనిషి సంగతి చూడండి. అర నిమిషం దాటితే నడిచేవాళ్లకి ఓపిక పోతుందని మా పుస్తకాల్లోనే ఉంటుంది. రెండున్నర నిమిషాలు ఎండలో ఎవరు నిలబడతారు? సందు దొరికితే దూరతారు. బైకువాడికీ అంతే. ఇప్పుడు రెడ్ పడితే మూడు నిమిషాలు పోతాయని తెలుసు కాబట్టి పసుపు చూడగానే యాక్సిలరేటర్ తిప్పుతాడు. అవతలివాడు కౌంటింగ్‌లో మూడు, రెండు చూసి ముందే కదులుతాడు. వీళ్లిద్దరూ మధ్యలో కలుస్తారు. ఇద్దరిదీ తప్పే. ఆ తప్పుకి ఇద్దరినీ తయారుచేసి పెట్టింది ఆ 193.

పాలపిట్ట | గురువారం, ఉదయం 10:40

సార్, ఇది చదివాక స్కూలు దగ్గర సిగ్నల్ చూసి ఫోన్‌లో టైమర్ పెట్టాను. రోడ్డు ఆరు లేన్లు. నడిచేవాళ్ల ఆకుపచ్చ బొమ్మ వెలిగేది 15 సెకన్లు. నేనూ పాపా నడిస్తే డివైడర్ దాటి ఇంకో లేను దాకా వెళ్లాం. పాప బ్యాగు బరువు మీకు తెలుసుగా.

రిటైర్డ్_ఈఈ | గురువారం, ఉదయం 11:15

ఒక్కో లేను మూడున్నర మీటర్లు, ఆరు లేన్లంటే 21 మీటర్లు. డివైడర్ వేరే. మేం లెక్కకి తీసుకునే నడక సెకనుకి 1.2 మీటర్లు. పదిహేడున్నర సెకన్లు కావాలి, అదీ బొమ్మ పడగానే కదిలితే. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ 0.8 వేగంతో నడిస్తే 26 సెకన్లు. 15 ఎవరు పెట్టారో గానీ, వాళ్లమ్మని తీసుకొచ్చి దాటించి చూడాలి.

గాజువాక_కుర్రోడు | గురువారం, సాయంత్రం 7:30

హైదరాబాద్ గొడవేనా? మా వైజాగ్ మాట కూడా వినండి.

మాకు 16వ నంబరు హైవే, అంటే పాత ఐదో నంబరు, ఊరి మధ్యలోంచే పోతది. గాజువాక ఒకప్పుడు వేరే మున్సిపాలిటీ. 2005లో జీవీఎంసీలో, అంటే విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది. స్టీల్‌ప్లాంట్, పోర్టు, ఫార్మా, అన్నిటి లారీలూ అదే రోడ్డు. అటూ ఇటూ కాలనీలు లేచిపోయాయి. అందుకని చెన్నై నుంచి కోల్‌కతా పోయే ట్రాలీ, కూరలకెళ్లే స్కూటీ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కనే నిలబడతాయి. గ్రీన్ పడ్డాక ట్రాలీ ఎడమకి తిరిగితే డ్రైవరుకి పక్కనున్న స్కూటీ కనపడదు. ముందు చక్రాలు దాటిపోతాయి, వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒకటే పాఠం: సిగ్నల్లో లారీ పక్కన ఎడమవైపు నిలబడకు. వెనకే ఆగు.

ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర 2020లో ఫ్లైఓవర్ తెరిచారు, పైన రౌండుగా తిరిగేది. బావుంది, అబద్ధమెందుకు. జామ్ తగ్గింది. కింద నడిచి దాటేవాడికి ఏం మారింది అంటే మాత్రం నేను నీళ్లు నమలాల్సిందే.

హోంగార్డ్_కొడుకు | గురువారం, రాత్రి 9:05

ఫ్లైఓవర్ అంటే గచ్చిబౌలి బయోడైవర్సిటీ గుర్తొస్తుంది. 2019 నవంబరు 4న తెరిచారు. అదే నెల 23న పైనుంచి కారు ఎగిరి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఆమె చనిపోయింది. పైన వేగ పరిమితి 40. ఫ్లైఓవర్ మూసేసి, మార్పులు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ కారుకీ ఆమెకీ ఏ చౌరస్తాలోనూ ఎదురుపడే పని లేదు. జంక్షన్‌ని రెండంతస్తులు చేసినా కింది అంతస్తు మనిషికి ముప్పు పైనుంచి వచ్చింది.

ఫ్లైఓవర్ వద్దనట్లేదు. దిగే చోట కొత్త జంక్షన్ పుడుతుంది, అది గుర్తుపెట్టుకోమంటున్నా. మా నాన్నని ఆఖరి మూడేళ్లు వేసింది అలాంటి దిగే చోటే.

కార్మెల్_కాకా | శుక్రవారం, ఉదయం 7:10

అమెరికాలోని ఇండియానా నుంచి. మా ఊరు కార్మెల్. 1990లో ఇక్కడ పాతిక వేల మంది. 2020 లెక్కలకి దాదాపు లక్ష. నాలుగింతలు. మీరు చెబుతున్న కథే. ఇక్కడ జిమ్ బ్రెయినార్డ్ అని 1996 నుంచి 2023 దాకా ఒకాయనే మేయరు. సిగ్నళ్లు తీసి రౌండబౌట్లు, అంటే మధ్యలో గుండ్రటి దిమ్మె చుట్టూ తిరిగి పోయే జంక్షన్లు, కడుతూ పోయాడు. ఇప్పుడు 150కి పైగా ఉన్నాయి. మా ఇంటి నుంచి సాయిబాబా గుడికి పోయేలోపు తల తిరుగుతుంది.

ఇంజినీర్ గారి లెక్కలోనే చెప్పాలంటే, నాలుగు రోడ్ల రౌండబౌట్‌లో బండ్లు తగిలే చోట్లు 32 కాదు, 8. అడ్డంగా కోసుకునేది ఒక్కటీ ఉండదు. అందరూ వంపు తిరగాలి కాబట్టి తప్పనిసరిగా నెమ్మదిస్తారు. రాత్రి రెండింటికైనా వంపు వంపే. బ్లింకింగ్ లైటు గొడవ లేదు. చిన్న చిన్న గీతలు పడే యాక్సిడెంట్లు జరుగుతూనే ఉంటాయి. వాటికి ఇన్సూరెన్స్ ఉంది.

బాచుపల్లిలో ఇది ఎందుకు పెట్టకూడదు?

రిటైర్డ్_ఈఈ | శుక్రవారం, ఉదయం 8:00

కాకా గారూ, రాత్రిపూట విషయంలో మీరు చెప్పింది బంగారం. కానీ మన ప్రమాణాల ప్రకారం రోటరీ, అంటే మీ రౌండబౌటే, గంటకి మూడు వేల బండ్ల దాకానే బాగా పనిచేస్తుంది. బాటసారి గారి చౌరస్తా పొద్దున తొమ్మిదికి అది దాటే ఉంటుంది. పైగా లోపల తిరిగేవాడికి దారివ్వాలన్న నియమం మీద మొత్తం నడుస్తుంది. మన దగ్గర ముందు ముక్కు దూర్చినవాడిదే దారి. లోపల ఇరుక్కుంటే నాలుగు వైపులా తాళం పడుతుంది. ఊరు ఇంకా సగం కట్టిన ఏరియాల్లో, కొల్లూరు, తెల్లాపూర్ లోపలి రోడ్ల మీద ఇప్పుడే స్థలం ఉంచి కడితే మాత్రం నేను మీ పక్షమే. టవర్లు లేచాక ఆ గుండ్రానికి చోటు ఎవరిస్తారు?

వితండం_వీరయ్య | శుక్రవారం, ఉదయం 11:45

డెలివరీ తమ్ముడికి సారీ. నిజంగానే. మా అబ్బాయి కూడా బైకు మీదే ఆఫీసుకి పోతాడు, నిన్న రాత్రి వాణ్ణి అడిగాను, నువ్వూ రాంగ్ రూట్ పోతావా అని. నవ్వాడు.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. ఇంతకీ ఊరిలో జనం ఎంతమంది? లెక్క లేకుండా ఎవరైనా చౌరస్తా ఎలా కడతారు?

బాచుపల్లి_బాటసారి | శుక్రవారం, మధ్యాహ్నం 2:20

అదే తమాషా. 2011 జనగణనలో జీహెచ్‌ఎంసీ పరిధిలో 67 లక్షలు. 2021లో జరగాల్సినది జరగలేదు. అప్పటికి మా బాచుపల్లి ఇంకా పంచాయతీయే. ఆ పుస్తకం ప్రకారం మా రావిచెట్టు ఇంకా ఉన్నట్టే.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నడిచేవాళ్లే 32,825. జాతీయ రహదారుల మీదైతే ‘బ్లాక్ స్పాట్’ అని ఒక నిర్వచనం ఉంది. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. మా వంటామె కాలు ఒకటి. అంటే మా చౌరస్తా జాతీయ రహదారి మీద ఉన్నా, ఇంకా నాలుగు కావాలి.

పాలపిట్ట | శుక్రవారం, మధ్యాహ్నం 2:45

అలా లెక్కపెట్టకండి సార్, భయమేస్తోంది.

స్పీడుకి_సారీ | శుక్రవారం, సాయంత్రం 4:10

వీరయ్య అంకుల్, పర్లేదు. మీ అబ్బాయికి చెప్పండి, రాంగ్ రూట్‌లో పోయినా పోకపోయినా గేట్ల ముందు హారన్ కొట్టి స్లో అవమని. సెల్లార్ ర్యాంపు ఎక్కివచ్చే కారుకి ముందు ఆకాశమే కనపడుతుంది, రోడ్డు కనపడదు. మేం రోజూ చూసేది అదే.

రిటైర్డ్_ఈఈ | శనివారం, ఉదయం 6:10

ఈ కుర్రాడు చెప్పిన ర్యాంపు మాట మా డ్రాయింగుల్లో చాలాసార్లు వదిలేస్తారు. ర్యాంపు ఎక్కాక బయటికి వచ్చే ముందు ఒక కారు పొడవు చదునుగా ఉంటే డ్రైవరు కళ్లు రోడ్డు మట్టానికి వస్తాయి. ఖర్చు లేని పని.

బాటసారి గారూ, దరఖాస్తులో సిగ్నల్ ఒక్కటే అడగకండి. నేనైతే ఇవి అడుగుతాను. వెడల్పు చేసిన రోడ్డు మీద చౌరస్తాకి ముందు ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్, అంటే టేబుల్ టాప్. బండి గంటకి 50లో వస్తే సెకనుకి 14 మీటర్లు పోతుంది, డ్రైవరు మిమ్మల్ని చూసి తేరుకునేలోపే ఆ 14 మీటర్లు అయిపోతాయి. 30లో వస్తే 8 మీటర్లు. రెండోది, మూలల్లో వంపు బిగించడం. ఎడమకి తిరిగే బండి వేగం తగ్గకుండా పోయేంత పెద్ద వంపు పెట్టారేమో చూడండి. ‘ఫ్రీ లెఫ్ట్’ అన్నది నడిచేవాడికి ఎప్పుడూ ఫ్రీ కాదు. మూడోది, ఆ మూసిన సందు. అక్కడివాళ్లకి చట్టబద్ధంగా తిరిగే చోటు 200 మీటర్ల లోపు చూపించకపోతే ఎన్ని చలాన్లు రాసినా రాంగ్ రూట్ ఆగదు. సిగ్నల్ ఆ తర్వాత.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణలో 198ఏ సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్, కట్టడం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేకపోవడం వల్ల మనిషి చనిపోతేనో వికలాంగుడైతేనో బాధ్యులకి లక్ష దాకా జరిమానా. దరఖాస్తు చివర ఆ నంబరు ఊరికే రాసి పెట్టండి. బెదిరింపు కాదు, గుర్తు చేయడం.

బాచుపల్లి_బాటసారి | శనివారం, రాత్రి 9:30

ఈ రోజు అసోసియేషన్ మీటింగులో ఇవన్నీ చదివాను. సిగ్నల్‌కి అందరూ చేతులెత్తారు. టేబుల్ టాప్ అనగానే కారు కింద తగులుతుందని ఒకాయన లేచారు. సందు తెరవడం అంటే అవతలి కాలనీ వాళ్లకి లాభమని ఇంకొకాయన. మా గేటు ముందు సెక్యూరిటీ విజిల్ ఆపుదామంటే హాలంతా నిశ్శబ్దం. తొమ్మిదింటికి ఆఫీసుకి పోవాల్సింది మేమే కదా.

చివరికి ఒకటి ఒప్పుకున్నారు. ముందు కొలుద్దాం, తర్వాత మాట్లాడదాం అని. ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, మళ్లీ సోమవారం తొమ్మిదింటికి. నాలుగు మూలల్లో నలుగురు. ఎటు నుంచి ఎటు, ఏ బండి, ఎంతమంది నడిచి దాటారు. రాంగ్ రూట్‌కి వేరే గడి.

ముగ్గురమే ఉన్నాం. సందు వైపు మూల ఖాళీ.

వితండం_వీరయ్య | శనివారం, రాత్రి 9:52

నేనుండేది ప్రగతినగర్. సందు వైపు నేను నిలబడతా. టిఫిన్ సెంటర్ ఆరింటికి తెరుస్తాడా?

రిటైర్డ్_ఈఈ | శనివారం, రాత్రి 10:05

ఆదివారం నేనూ వస్తున్నాను. 30 మీటర్ల టేపు నా దగ్గరుంది. ఎవరైనా సుద్దముక్కలు తీసుకురండి. చీకటి ఉండగానే మూల వంపులు కొలిచేయాలి, తర్వాత రోడ్డు మీద కూర్చోనివ్వరు.